ఆగి ఆగి మొరాయించే పాత కారు: సెల్ఫ్ తిరుగుతోందా లేదా, ముందు అది చెప్పండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండీ. 2008 వేగనార్, పెట్రోలు బండి, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయినేడాది బెజవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, వారానికి నాలుగు రోజులు ఉద్యోగానికి ఇటు బెజవాడ వచ్చి వెళ్తారు. పొద్దున్నే ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. దారిలో ఎక్కడైనా ఆపి, ఓ ఇరవై నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఒక్కోసారి స్టార్టవదు. మంగళగిరిలో ఒకసారి, బెంజి సర్కిల్ దగ్గర రెండుసార్లు అలా రోడ్డు మీద నిలబడిపోయారు. అరగంటో గంటో ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ముగ్గురికి చూపించారు. ఒకాయన ప్లగ్గులు మార్చాడు, ఇంకొకాయన బ్యాటరీ కొత్తది పెట్టించాడు, మూడో ఆయన ట్యాంకులో పెట్రోలు పంపు మార్చాలంటున్నాడు. మార్పించమంటారా అని మీ ప్రశ్న.

వద్దండీ, ఇప్పుడే మార్పించకండి. పంపు పోలేదని నేను చెప్పట్లేదు, పోయి ఉండొచ్చు కూడా. కానీ పంపు పోయిందని ఇప్పటిదాకా ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. ముగ్గురూ బండి స్టార్టవుతున్నప్పుడే చూశారు. స్టార్టయ్యే బండిలో స్టార్టవకపోవడానికి కారణం వెతికితే ఏం దొరుకుతుంది? అందుకే ముగ్గురూ ఊహించి చెప్పారు, ఆ ఊహలకు డబ్బు మీరు కట్టారు. బెజవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పనిలో 26 ఏళ్లుగా ఉన్నాను. ఇలా అప్పుడప్పుడు మాత్రమే చేసే ఫాల్టుల మీద జనం పోగొట్టుకున్నంత డబ్బు ఇంజిన్ పనుల మీద కూడా పోగొట్టుకోవడం చూడలేదు. బండి మొరాయించి నిలబడిన ఆ కాసేపే మనకున్న సాక్ష్యం. ఆ టైములో ఏం చూడాలో మీకు తెలిస్తే సగం పని మీరే చేసేసినట్టు.

మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క లేదు. స్టార్టవట్లేదు అన్నారు. తాళం తిప్పినప్పుడు సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను మొదట తిప్పి లేపే మోటారు, తిరుగుతోందా, తిరగట్లేదా? మీకు ఇది చిన్న తేడాలా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇవి రెండు వేరువేరు జబ్బులు. సెల్ఫ్ తిరిగి ఇంజిన్ అందుకోకపోతే స్పార్కు, పెట్రోలు, సెన్సర్లు చూడాలి. అసలు సెల్ఫే తిరక్కపోతే బ్యాటరీ, వైర్లు, ఎర్త్ (కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి), ఇగ్నిషన్ స్విచ్చి, సెల్ఫ్ మోటారు చూడాలి. సెల్ఫ్ తిరగని బండికి పెట్రోలు పంపు మార్చడం, కాలు నొప్పి అంటే కళ్లజోడు రాసివ్వడం లాంటిది.

ఈసారి బండి మొండికేసినప్పుడు కంగారుపడి పదేపదే తాళం తిప్పకండి. ఏసీ, స్టీరియో, ఫ్యాను ఆపేసి, కిటికీ దించి, ఒక్కసారి తిప్పి చెవి పెట్టండి. ఏమీ చప్పుడు లేదా? ఒక్కటే "టక్" అని ఆగిపోయిందా? "టకటకటక" అని గింజలు వేయించినట్టు కొట్టుకుందా? సెల్ఫ్ నీరసంగా, మూలుగుతూ తిరిగిందా? లేక మామూలు జోరుతోనే తిరిగి ఇంజిన్ మాత్రం అందుకోలేదా? అదే సమయంలో డాష్‌బోర్డు లైట్లేమయ్యాయో చూడండి, అవి వెలుగుతూనే ఉన్నాయా, మసకబారాయా, పూర్తిగా ఆరిపోయాయా అని. ఫోను చేతిలో ఉంటుంది కాబట్టి వీడియో తీసేయండి. మీ మాటల్లో వివరించేదానికంటే ఆ పది సెకన్ల చప్పుడు ఏ ఎలక్ట్రీషియన్‌కైనా ఎక్కువ చెబుతుంది.

టకటకమని కొట్టుకుంటే కరెంటు చాలట్లేదని. బ్యాటరీ డౌనై ఉండాలి, లేదా బ్యాటరీ పోస్టుకీ (పైకి వచ్చిన సీసం మొన), దానికి వైరును పట్టి ఉంచే క్లాంపుకీ మధ్య తెల్లపొడి పేరుకుని ఉండాలి. మీది కొత్త బ్యాటరీ అన్నారు కాబట్టి క్లాంపు చూడండి. చేత్తో పట్టి తిప్పితే కదలకూడదు. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు పాత క్లాంపును గీకి శుభ్రం చేయకుండా బిగించేసి పంపడం చాలాచోట్ల జరుగుతుంది. వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కొద్దిగా వాసెలిన్ రాస్తే చాలు. తీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు చివర మైనస్. చేతికి ఉంగరం, స్టీలు చెయిను వాచీ ఉంటే ముందే తీసి జేబులో పెట్టుకోండి. పానా ఒక కొస ప్లస్‌కి, ఇంకో కొస బాడీకి తగిలితే మధ్యలో ఉన్న ఉంగరం ఎర్రగా కాలుతుంది. అలా కాలిన వేలు నేను కళ్లారా చూశాను, అందుకే ఇంత చెబుతున్నాను.

వోల్టులు కొలవడానికి రెండు మూడు వందల్లో వచ్చే డిజిటల్ మల్టీమీటరు ఒకటి, కరెంటు వస్తే వెలిగే నూరు రూపాయల టెస్ట్ ల్యాంపు ఒకటి కొని డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉంది. 12కి దిగిందంటే దాదాపు అడుగంటినట్టే. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6కి కిందకు పడకూడదు. ఇంజిన్ స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటరు (డైనమో) చార్జింగ్ బాగానే చేస్తోంది. ఈ అంకెలు కాగితం మీద రాసుకుంటే బ్యాటరీ మార్చాలా, డైనమో పోయిందా అన్న వాదన అక్కడితో అయిపోతుంది. మన దగ్గర రోహిణీ కార్తెలో బానెట్ కింద వేడికి బ్యాటరీలు మూడు నాలుగేళ్లకు మించి రావడం కష్టమే. కానీ మీది కొన్ని నెలల కిందటిది, పైగా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క దెబ్బకు స్టార్టవుతోంది. పోయిన బ్యాటరీ ముందుగా మొండికేసేది పొద్దున పూటే. బ్యాటరీ మార్చే ముందు ఈ ఒక్క సంగతి ఎవరైనా ఆలోచించి ఉంటే మీకు ఆ ఖర్చు తప్పేది.

ఇప్పుడు మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాటకు వస్తాను. ఆపి ఇరవై నిమిషాలయ్యాక స్టార్టవదు, గంటాగితే స్టార్టవుతుంది అన్నారు. పెట్రోలు బంకులో రెండు నిమిషాలు ఆపి మళ్లీ తిప్పితే ఎప్పుడైనా ఇబ్బంది పెట్టిందా? పెట్టి ఉండదని నా అంచనా. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది, ఫ్యాను తిరుగుతుంది, నీళ్లు ప్రవహిస్తాయి. ఆపగానే అవన్నీ ఆగిపోతాయి. ఇంజిన్‌లో, సైలెన్సరు గొట్టంలో ఉన్న వేడి మొత్తం బానెట్ కింద కమ్ముకుంటుంది. అన్నం కుండ దించి మూత పెడితే లోపల మగ్గినట్టన్నమాట. అందుకే ఆపిన తర్వాత పది నుంచి ముప్పై నిమిషాల మధ్య బానెట్ కిందున్న కొన్ని భాగాలు బండి నడిచేటప్పటికంటే ఎక్కువ వేడెక్కుతాయి. గుంటూరు నుంచి ఇక్కడికి హైవే మీద ముప్పై అయిదు కిలోమీటర్లు ఏసీ వేసుకుని వచ్చి, మే నెల ఎండలో ఆపారంటే ఇంక చెప్పేదేముంది.

ఆ వేడికి పాతబడిన భాగం ఏదో లొంగిపోతోంది. సెల్ఫ్ తిరగట్లేదనుకుంటే ఈ మూడింటి మీద నా అనుమానం.

మొదటిది సెల్ఫ్ మోటారు నెత్తిన ఉండే సోలినాయిడ్. తాళం తిప్పగానే ఒక సన్నవైరు ద్వారా దానికి కరెంటు వస్తుంది, లోపలి రాగి చుట్ట అయస్కాంతమై ప్లంజరు అనే ఇనుప కడ్డీని లాగుతుంది, ప్లంజరు వెళ్లి రెండు పెద్ద రాగి పాయింట్లను కలుపుతుంది. అప్పుడు అసలు కరెంటు మోటారులోకి పోతుంది. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. 30 డిగ్రీల దగ్గర నుంచి 90 డిగ్రీలకు చేరితే దాదాపు నాలుగో వంతు పెరిగినట్టు. అంటే అదే వోల్టేజికి కరెంటు ఐదో వంతు తగ్గుతుంది, దానితోపాటు లాగే బలం కూడా పడిపోతుంది. కొత్త బండికి అది లెక్కలోకి రాదు. పద్దెనిమిదేళ్ల బండిలో ప్లంజరు మీద నల్లమడ్డి పేరుకుని, పాయింట్లు కాలి గుంటలు పడి ఉంటాయి. అక్కడ ఆ ఐదో వంతే గెలుపోటములు తేల్చేస్తుంది.

రెండోది ఆ సన్నవైరుకు కరెంటు పంపే ఇగ్నిషన్ స్విచ్చి. పాత చిన్న కార్లలో చాలావాటికి సెల్ఫ్‌కి విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) ఉండదు. సోలినాయిడ్ లాక్కునే కరెంటంతా తాళం వెనకున్న స్విచ్చి పాయింట్ల గుండానే పోతుంది. ఏళ్ల తరబడి అవి కాలి కాలి సన్నబడతాయి. బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నా సోలినాయిడ్ దగ్గరికి వచ్చేసరికి 8, 9 మాత్రమే మిగులుతుంది. ఇంటి తాళాలు, షాపు తాళాలు, లాకరు తాళం అన్నీ కలిపి కారు తాళానికే గుత్తిగా వేలాడదీసేవాళ్ల స్విచ్చి మరీ త్వరగా అరుగుతుంది. మీ గుత్తి బరువెంతో చూసుకోండి.

ఈ రెంటినీ విడదీయడం చాలా తేలిక. సెల్ఫ్ మోటారు ఇంజిన్, గేర్‌బాక్సు కలిసేచోట ఉంటుంది. దానికొచ్చే సన్నవైరు దగ్గర టెస్ట్ ల్యాంపు ఆనించి, ల్యాంపు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంకొకర్ని తాళం తిప్పమనండి. వైర్లు, మీ చేతులు బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. బండి మొరాయించిన ఆ క్షణంలో ల్యాంపు దేదీప్యంగా వెలిగి సెల్ఫ్ తిరక్కపోతే తప్పు సెల్ఫ్ మోటారుదో, ఎర్త్‌దో. ల్యాంపు వెలగకపోయినా, గుడ్డిగా వెలిగినా తప్పు స్విచ్చి దగ్గర్నుంచి ఇక్కడిదాకా వచ్చే దారిలో ఉంది. ఆ రెండో సందర్భంలో మోటారు జోలికి వెళ్లనక్కర్లేదు. స్విచ్చి మార్చి, మంచి 30 ఆంపియర్ల రిలే ఒకటి ఫ్యూజుతో సహా కడితే తాళం మీద భారం తగ్గుతుంది, సోలినాయిడ్‌కు నిండు కరెంటు వెళ్తుంది. నేను అలా రిలే కట్టిన బళ్లు ఇప్పటికీ చాలా తిరుగుతున్నాయి.

"టక్" అని ఒక్కటే శబ్దం వచ్చిందనుకోండి, అంటే ప్లంజరు కదిలింది. అప్పుడు సోలినాయిడ్ మీదున్న రెండు పెద్ద బోల్టుల మధ్య మల్టీమీటరు పెట్టి తాళం తిప్పించాలి. పాయింట్లు బాగుంటే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. 12 చూపించిందంటే పాయింట్లు కలవలేదు, లోపల కాలిపోయాయి. సోలినాయిడ్ మార్చాలి, అదే చేత్తో కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు చూసుకోవాలి. ఆటోనగర్‌లో సెల్ఫ్ విప్పి పని చేసేవాళ్లు వరసగా ఉన్నారు. విప్పించేటప్పుడు దగ్గరే నిలబడి పాత పాయింట్లు చేతిలోకి తీసుకుని చూడండి. చంద్రుడి మీద గుంటల్లా నల్లగా తినేసి ఉంటే మీ ఫాల్టు దొరికినట్టే.

మూడోది ఎర్త్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీని దగ్గర నేనే ఒకసారి దారి తప్పాను.

చాలా ఏళ్ల కిందట తెనాలి నుంచి ఒక పెద్దాయన పాత మారుతి జెన్ కారు తెచ్చారు. సరిగ్గా మీ కథే. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం "టక్" అని ఊరుకుంటుంది. సెల్ఫ్ విప్పి బ్రష్‌లు, బుష్‌లు వేసి, పాయింట్లు మార్చి పంపాను. వారానికి మళ్లీ వచ్చారు. మళ్లీ విప్పాను, ఏమీ కనిపించలేదు. మూడోసారి వచ్చినప్పుడు బండిని షెడ్డు బయట ఎండలో వదిలేసి, మొరాయించేదాకా ఆగాం. ఆయన లోపల కూర్చుని తాళం తిప్పుతున్నారు, నేను బానెట్ మీదకు వంగి చెయ్యి ఊతంగా యాక్సిలరేటరు కేబుల్ మీద వేశాను. చురుక్కున కాలింది. కేబుల్ ఎందుకు కాలాలి? అప్పుడు అర్థమైంది. ఇంజిన్ నుంచి బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ వెళ్లాల్సిన ఎర్త్ పట్టీ పని చేయట్లేదు. నూరు, నూటయాభై ఆంపియర్లు తిరిగి వెళ్లడానికి వేరే దారి లేక ఆ సన్న ఇనుప కేబుల్ గుండా పోతున్నాయి. పట్టీ పైకి చూస్తే నిగనిగలాడుతోంది, బోల్టు గట్టిగానే ఉంది. విప్పి, లగ్గు (బోల్టు కింద బిగించే కొస) దగ్గర కొద్దిగా వంచితే పచ్చటి చిలుము పొడిపొడిగా రాలింది. లోపల ఆరేడు పోగులు తప్ప మిగతావన్నీ తినేసి ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ పోగులు ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి, వేడికి సాగి విడిపోతున్నాయి. లావుపాటి కొత్త కేబుల్ కట్టి, బాడీ మీద పెయింటు గీకి తెల్లటి రేకు కనిపించేచోట బిగించాను. ఆ తర్వాత ఆ బండి ఆ రోగంతో రాలేదు. ఆ పెద్దాయనకు సెల్ఫ్ పనికి తీసుకున్న డబ్బు తిరిగిచ్చాను, ఎందుకంటే ఆ పని అక్కర్లేనిది.

ఈ పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు. జంప్ స్టార్టుకు వాడే కేబుల్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి. బండి మొరాయించగానే నల్ల కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్ మీద ఏదైనా పెయింటు లేని ఇనుప బోల్టుకు పట్టించి తాళం తిప్పండి. వెంటనే సెల్ఫ్ విసురుగా తిరిగిందా, మీ ఫాల్టు ఎర్త్ పట్టీ. నూరో రెండొందలో ఖర్చుతో తేలిపోయే పని. మీటరుతో అయితే, పెట్రోలు పంపు ఫ్యూజు పీకేసి సెల్ఫ్ తిప్పుతూ, బ్యాటరీ మైనస్ పోస్టుకీ ఇంజిన్ ఇనుముకీ మధ్య చూడాలి. 0.2, 0.3 వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు. అలాగే ప్లస్ పోస్టుకీ సెల్ఫ్ పెద్ద బోల్టుకీ మధ్య అర వోల్టు దాటకూడదు. వైరు తెగిందా లేదా అని మీటరును ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి చూస్తే ఈ రోగం దొరకదు. ఒక్క పోగు మిగిలినా మీటరు బాగుందనే చెబుతుంది. కరెంటు లాగుతున్నప్పుడు చూస్తేనే నిజం బయటపడుతుంది.

మీ విషయంలో ఎర్త్ మీద అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. పోయినేడాది బెజవాడలో కొన్నానన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన బళ్లను కడిగి, ఆరబెట్టి, నడిపించి అమ్మేయడం జరుగుతుంటుంది. మీది అలాంటిదని నేను అనట్లేదు, కానీ ఒకసారి చూసుకోండి. ముందు సీట్ల కింద పట్టాల సందుల్లో ఎండిన ఒండ్రు ఉందా, సీటు బెల్టు పూర్తిగా బయటకు లాగితే చివర మురికి చార ఉందా, డాష్‌బోర్డు కింద బోల్టులకు తుప్పుందా అని. ఉంటే మాత్రం ఒక్కో ఎర్త్ పాయింటూ, ఒక్కో కనెక్టరూ విప్పి శుభ్రం చేయించాల్సిందే. నీళ్లు తాగిన వైరు ఏడాది రెండేళ్ల తర్వాత చిలుము పడుతుంది, అప్పుడు మొదలవుతాయి ఇలాంటివన్నీ.

సరే, ఇప్పుడు రెండో దారి. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు అనుకుందాం. వేడిలో ఇలా చేసే బండిలో నేను ముందు చూసేది క్రాంక్ సెన్సరు. ఇంజిన్ ఎంత తిరిగింది, ఏ స్థితిలో ఉంది అన్నది ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరుకు చెప్పేది అదే. దాని కబురు అందకపోతే కంప్యూటరు స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. దానిలో సన్నటి తీగ చుట్ట ఉండే రకమైతే, వేడికి లోపల ఎక్కడో పగులు విచ్చుకుని సిగ్నలు ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. కొన్నిసార్లు నడుస్తున్న బండిని కూడా ఉన్నట్టుండి ఆపేస్తుంది. మీకు అలా ఎప్పుడైనా జరిగిందేమో గుర్తు తెచ్చుకోండి. పరీక్ష ఏమిటంటే, మొరాయించినప్పుడు సెన్సరు మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాలుంచండి. వెంటనే స్టార్టయితే దొంగ దొరికినట్టు. అది మీ బండిలో ఎక్కడుందో ముందుగానే మెకానిక్‌ని అడిగి చూసి ఉంచుకోండి. ఆ కంప్యూటరులోని ఫాల్టు కోడులు చదివే స్కానరు పెడితే పి0335 అన్న కోడు కనిపించొచ్చు. కానీ బండి తన ఫాల్టులను తానే కోడుల్లో చెప్పే ఓబీడీ-2 పద్ధతి మనదేశంలో పూర్తిస్థాయిలో తప్పనిసరి అయింది 2013లో. 2008 బండితో ఆన్‌లైన్లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్లు మాట్లాడకపోవచ్చు. కోడు రాలేదంటే సెన్సరు బాగుందని అర్థం కాదు.

పెట్రోలు పంపు పోయిందో లేదో తెలుసుకోవడం ఇంకా తేలిక. ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం ఆన్‌లో పెడితే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా "జుయ్" అని వినిపించాలి. ఇప్పుడు, బండి బాగున్నప్పుడే రెండు మూడుసార్లు విని ఆ చప్పుడు చెవికి పట్టించుకోండి. మొరాయించినప్పుడు అది రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి. రిలేను పక్కనే ఉన్న అదే సైజు, అదే నంబరు రిలేతో మార్చి చూడొచ్చు. పాత రిలేలో టంకం పగిలి వేడికి ఇలాగే ఆడుతుంది. రిలే బాగుండి, పంపు దగ్గరికి 12 వోల్టులు వస్తూ కూడా తిరక్కపోతే అప్పుడు పంపు మార్చండి, నేనే మార్చమంటాను. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పే బళ్లలో పంపులు త్వరగా పోతాయి, దాన్ని చల్లబరిచేది ట్యాంకులో ఉన్న పెట్రోలే కాబట్టి.

మీ బండికి గ్యాస్ కిట్టు ఉందో లేదో రాయలేదు. గుంటూరు, బెజవాడల్లో ఈ వయసు వేగనార్లకు ఎల్పీజీయో సీఎన్జీయో పెట్టించినవి బోలెడున్నాయి. కిట్టు ఉంటే మాత్రం నేను పైన చెప్పినవాటిలో చాలావాటికంటే ముందు అటే చూస్తాను. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల వైర్లను మధ్యలో కోసి కిట్టు వైర్లు కలుపుతారు. టంకం పెట్టకుండా మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు నాలుగు ఎండాకాలాలు దాటాక టేపు జిగురు కరిగి ఊడొస్తుంది. గ్యాసు మీదే తిప్పుతూ ట్యాంకులో లీటరు పెట్రోలు కూడా ఉంచకపోతే పంపు ఎండిపోతుంది. స్టార్టింగ్ ఎప్పుడూ పెట్రోలు మీద చేయండి, ట్యాంకు పావు వంతుకు తగ్గనివ్వకండి.

ఇంకో రెండు మూడు సంగతులు త్వరగా చెప్పేస్తాను. మొరాయించినప్పుడు డాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు మిణుకుమిణుకుమంటుంటే అది ఇమ్మొబిలైజరు (తాళంలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్‌ను స్టార్టవనిచ్చేది) గొడవ. రెండో తాళంతో ప్రయత్నించండి, దానితో ఎప్పుడూ స్టార్టవుతుంటే మొదటి తాళంలో చిప్ పోయింది. సెల్ఫ్ తిప్పినప్పుడు పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజిన్‌లో పెట్రోలు ఎక్కువై ముంచుకుపోయింది. యాక్సిలరేటరు పూర్తిగా నేలకు తొక్కిపెట్టి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, అందుకుంటే నీళ్ల టెంపరేచరు సెన్సరునీ, కారే ఇంజెక్టర్లనీ చూడాలి. చుట్టూ పొలాలో ఖాళీ స్థలాలో ఉంటే ఎలుకలు వైర్లు కొరకడం మామూలే. మన గుంటూరు వైపు బానెట్ కింద పొగాకు కాడలు పెడుతుంటారు. అదేమో గానీ, నెలకోసారి బానెట్ ఎత్తి వైర్ల మీద పంటి గాట్లున్నాయేమో చూడటం మాత్రం తప్పక పని చేస్తుంది.

తోసి స్టార్టు చేయడం గురించి కూడా అడిగారు. సెల్ఫ్ తిరగనప్పుడు ఒకసారి తోయించి రెండో గేరులో క్లచ్ వదలండి, వెంటనే అందుకుంటే స్పార్కు, పెట్రోలు రెండూ బాగున్నాయని, తప్పు సెల్ఫ్ వైపేనని తేలుతుంది. అంతవరకే. సెల్ఫ్ తిరుగుతూ అందుకోని బండిని మాత్రం తోయించకండి. కాలని పెట్రోలు సైలెన్సరు గొట్టంలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని పాడు చేస్తుంది. అదొచ్చే ఖర్చు పంపు కంటే ఎక్కువ. రద్దీ రోడ్డు మీద, ముఖ్యంగా కృష్ణా నది వారధి మీద ఆగిపోతే పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు హజార్డు లైట్లు వేసి, మనుషుల్ని బండిలోంచి దించి పక్కకు పంపండి.

మీరు రాసిన లక్షణాలు మొత్తం చూస్తే, సెల్ఫ్ తిరగట్లేదన్నదే నిజమైతే నేను మొదట ఎర్త్ పట్టీ, తర్వాత ఇగ్నిషన్ స్విచ్చి, ఆ తర్వాత సోలినాయిడ్ అన్న వరసలో వెళ్తాను. సెల్ఫ్ తిరుగుతుంటే మొదట క్రాంక్ సెన్సరు, తర్వాత పంపు రిలే. ఖర్చు తక్కువదీ, విప్పకుండా తేలేదీ ముందు చూడాలని ఆ వరస. ఎర్త్ పట్టీ మాత్రం రేపే మార్పించేయండి, అది బాగున్నా నష్టం లేదు, పద్దెనిమిదేళ్ల పట్టీ తన పని తాను చేసేసింది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు "ఇది మార్చండి" అని చెప్పకండి. వీడియో చూపించి, రాసుకున్న అంకెలు చెప్పి, "మీరేం పరీక్ష చేసి చెబుతున్నారు?" అని మర్యాదగా అడగండి. మంచి పనివాడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. వీలైతే బండి వేడిమీద ఉన్నప్పుడే, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య తీసుకెళ్లి, బానెట్ మూసి ఇరవై నిమిషాలు ఆపి, ఆయన ఎదురుగా స్టార్టు చేయండి. మొరాయిస్తే అక్కడే పట్టుకోవచ్చు.

ఈసారి ఆగిపోయినప్పుడు నాకు ఇవి రాయండి: తాళం తిప్పినప్పుడు వచ్చిన చప్పుడు, డాష్‌బోర్డు లైట్లు, ఆ క్షణంలో బ్యాటరీ పోస్టుల మధ్య వోల్టులు, నల్ల కేబుల్ ఇంజిన్‌కు పట్టిస్తే ఏమైందో. ఆపి ఎన్ని నిమిషాలైందో కూడా. వారంలో రెండుసార్లు జరిగినా చాలు, అప్పటిదాకా ఆ పంపు డబ్బు మీ దగ్గరే ఉంచండి.